సీసాలో తేలే గడ్డ

బుగ్గలోంచో పెదవిలోంచో కోసి తీసిన ముక్కను ఫార్మలిన్ సీసాలో వేస్తే నేరుగా అడుక్కి పోతుంది. ఎప్పుడో ఒకసారి ఒక ముక్క పోదు. పైకి తేలి, మూత కింద పసుపుపచ్చగా, గోలీకాయంత గుండ్రంగా నిలబడిపోతుంది. సీసాను కుదిపితే మునిగినట్టే మునిగి మళ్ళీ పైకొస్తుంది. పళ్ళ డాక్టర్ల చదువులో ఇది పాత చిట్కా: తేలిందంటే కొవ్వు. నీళ్ళకంటే కొవ్వు తేలిక, సీసాలోని ఫార్మలిన్‌లో ఎక్కువ భాగం నీళ్ళే. పులుసు మీద నూనె తేలడానికీ దీనికీ తేడా ఏమీ లేదు.

ఆ తేలే ముక్క పేరు లైపోమా. పుస్తకాల్లో నిరపాయకరమైన కొవ్వు కంతి, మాటల్లో కొవ్వు గడ్డ, ఉర్దూ కలిసిన జహీరాబాద్ మాటలో చర్బీ గడ్డ. వీపు మీదో మెడ మీదో జబ్బ మీదో చర్మం కింద మెత్తగా కదిలే ఇలాంటి గడ్డ మన చుట్టాల్లో ఎవరో ఒకరికి ఉండే ఉంటుంది. పెద్దవాళ్ళ శరీరంలో మెత్తటి కణజాలంలో పుట్టే కంతుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. లైపోమాల్లో 15 నుంచి 20 శాతం తల, మెడ భాగాల్లో వస్తాయంటారు. నోటి లోపలికి వచ్చేసరికి మాత్రం అరుదు. అక్కడ పుట్టే నిరపాయ కంతులన్నిటిలో వీటి వాటా 1 నుంచి 4 శాతం అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఈ చిన్న అంకె దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే అది నోళ్ళను లెక్కపెట్టి తెచ్చిన అంకె కాదు, సీసాలను లెక్కపెట్టి తెచ్చినది.

సీసా దాకా రాని గడ్డల సంగతి ఆలోచించడానికి జహీరాబాద్ లాంటి ఊరు మంచి చోటు. హైదరాబాద్ నుంచి ముంబయి రోడ్డు మీద సుమారు వంద కిలోమీటర్లు పోతే వస్తుంది. సంగారెడ్డి జిల్లా కొస, కర్ణాటక గడప. బీదర్ ఇంకో ముప్పై కిలోమీటర్లే. చుట్టూ చెరుకు, అల్లం, ఆలుగడ్డ పండే నేలలు, ఒక పక్క మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, రోడ్డు మీద రాత్రీపగలూ లారీలు. ఒకే టీ బండి దగ్గర తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ వినిపిస్తాయి. భాష అక్కర్లేకుండా ఎవరికైనా అర్థమయ్యేది పాన్ డబ్బా ముందు వేలాడే పొట్లాల దండ. ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే గుట్ఖా మీద నిషేధం వచ్చింది. పాన్ మసాలా ఒక పొట్లం, జర్దా ఒక పొట్లం విడిగా కొని అరచేతిలో కలుపుకోవడం ఆ నిషేధం నేర్పిన విద్య. ఇలాంటి చోట "నోట్ల గడ్డ అయ్యింది" అని ఎవరన్నా వినేవాళ్ళకు మొదట తోచేది క్యాన్సరే. తోచడంలో తప్పు లేదు. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో మన దేశంలో కొత్తగా బయటపడిన పెదవి, నోటి క్యాన్సర్లు 1 లక్షా 43 వేలకు పైగా ఉన్నాయి.

ఒక మనిషిని ఊహించుకుందాం. జహీరాబాద్ పక్క పల్లెలో చెరుకు వేసే రైతు, యాభై అయిదేళ్ళు దాటాయి. కొడుకు వెంట పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చాడు.

"ఎన్ని దినాలైంది పెద్దాయనా?"

"మూడేండ్లు దాటింది సార్. మొదలు శనగ్గింజంత ఉండె. ఇప్పుడు రేగుపండంతైంది."

"నొప్పి ఉందా?"

"నొప్పి లేదు గిప్పి లేదు. బుక్క నములుతుంటే పళ్ళ నడుమ వడ్తది, గంతే. మా పోరడు ఫోన్ల చూసి క్యాన్సరన్నడు. ఇంట్ల ఆడోళ్ళు ఏడుపు సురు జేసిన్రు."

డాక్టరు అద్దంతో బుగ్గను పక్కకు లాగి లైటు దించుతాడు. పైపొర సాఫీగా ఉంది, పుండు లేదు. లోపలినుంచి పసుపు తొంగిచూస్తోంది, దాని మీద సన్నటి రక్తనాళాలు చెట్టుకొమ్మల్లా పాకాయి. బొటనవేలు బుగ్గ బయట, చూపుడువేలు లోపల పెట్టి నొక్కితే మెత్తగా అణిగి, అంచు వేలికింద నుంచి జారిపోతుంది. సబ్బుముక్క తడిచేతిలో జారినట్టు.

రోగం పేరు చెప్పడానికి కావలసినదాంట్లో ముప్పాతిక భాగం ఈ మూడు నిమిషాల్లోనే దొరికింది. ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరగడం, నొప్పి లేకపోవడం, మెత్తదనం, పసుపు, జారే అంచు, నలభై దాటిన వయసు, బుగ్గ. నోటి లైపోమాకు బుగ్గ పుట్టిల్లు. ఆ తర్వాత నాలుక, పెదవి, నాలుక కింది భాగం, చిగురుకూ బుగ్గకూ మధ్య ఉండే సందు. అంగిలి మీద చాలా తక్కువ. మామూలుగా మూడు సెంటీమీటర్లు దాటవు. దాటేలోపే తింటుంటే అడ్డం పడతాయి, మాట తేడా చేస్తాయి, లేదా కట్టుడు పళ్ళు కూర్చోనివ్వవు. కొత్త పళ్ళసెట్టు కొలతకు వచ్చినప్పుడే చాలామందిలో ఇది మొదటిసారి ఇంకొకరి కంట పడుతుంది.

ఇక ఆ అంకెల సంగతి. నోట్లో కొవ్వు గడ్డను మొదట వర్ణించింది 1848లో రూ అనే వైద్యుడు. చిగుళ్ళ మీద వచ్చే గడ్డలను సమీక్షిస్తూ దీన్ని పసుపు ఎపులిస్ అన్నాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఈ విషయం మీద పోగుపడినదాంట్లో సింహభాగం ఒక్కో రోగి మీద ఒక్కో వ్యాసం: రెండు ఫోటోలు, ఒక స్లైడు, పాత వ్యాసాల జాబితా. మన దంత కళాశాలల్లోనూ ఇదే వరస. పీజీ విద్యార్థికి ప్రచురణ కావాలి, పత్రికకు విడ్డూరం కావాలి. శనగ్గింజంత గడ్డ వ్యాసం కాదు, కోడిగుడ్డంతది అవుతుంది. బుగ్గలోది మామూలు, నాలుక చివరన వచ్చింది విశేషం. అందుకే ఈ వ్యాసాలన్నీ వరసగా చదివినవాడికి నోటి లైపోమా అంటే భారీ గడ్డ, విచిత్రమైన చోట పుట్టేది అనిపిస్తుంది. పేపర్లు మాత్రమే చదివి ఊళ్ళో రోజూ హత్యలే జరుగుతాయని నమ్మినట్టు.

కొంచెం పెద్ద పోగులు చేసినవాళ్ళూ ఉన్నారు. బ్రెజిల్ పరిశోధకులు 2003లో 46 కేసులు విశ్లేషించారు. 2004లో అమెరికా సైన్యపు పాథాలజీ సంస్థ భాండాగారంలోంచి 125 కేసులు తీసి ఫర్లాంగ్ బృందం వింగడించింది. అందులో చెవి కింది లాలాజల గ్రంథి ప్రాంతంలో 30, బుగ్గలో 29, పెదవిలో 21, దవడ కింద 17, నాలుకలో 15, అంగిలిలో 6, నాలుక కింద 5, చిగురు పక్క సందులో 2. తరచు ఉదహరించే జాబితా ఇది. జాగ్రత్తగా చూస్తే చెవి కిందివీ దవడ కిందివీ కలిపి 47 అసలు నోటి లోపలివే కావు. అవి తీసేస్తే మిగిలేవి 78, వాటిలో బుగ్గవి మూడోవంతు దాటాయి. ఈ పోగులో మగవాళ్ళు బాగా ఎక్కువ. అంతమాత్రాన లైపోమాకు మగవాళ్ళంటే మక్కువ అనుకోవడానికి లేదు, సైన్యపు ల్యాబుకు ఎవరి ముక్కలు ఎక్కువ వస్తాయో ఆలోచిస్తే చాలు. వేరే పోగుల్లో ఆడామగా దాదాపు సమానంగా, ఒక్కోదాంట్లో ఒక్కో పక్కకు మొగ్గి కనిపిస్తారు.

సీసాలను కాక నోళ్ళను లెక్కపెట్టే ప్రయత్నాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అమెరికాలో 35 ఏళ్ళు దాటిన 23,616 మంది నోళ్ళు తెరిపించి, పైకి పొడుచుకొచ్చిన గడ్డలన్నీ రాసుకున్న అధ్యయనం 1986లో అచ్చయింది. మనకూ అంతకుముందే అలాంటి ఘనత ఒకటుంది, దాన్ని మనమే తక్కువ తలచుకుంటాం. డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, ముంబయి టాటా సంస్థ ఫలీ మెహతా, వాళ్ళ బృందం ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది పల్లెజనం నోళ్ళు చూసి 1971లో ఫలితాలు ప్రకటించారు. శ్రీకాకుళం వైపు చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ అలవాటు అంగిలిని ఏం చేస్తుందో చూపించిన పని అది. ఆ పరీక్ష అంగిలి కోసం, పొగాకు కోసం. పొగాకుతో సంబంధం లేని ఒక మెత్తటి పసుపు గడ్డను లెక్కతేల్చడం వాళ్ళ పని కాదు. తెలుగువాళ్ళ నోళ్ళలో ఏముందన్న ప్రశ్నకు మన దగ్గర ఉన్న జవాబుల్లో చాలాభాగం పొగాకు చుట్టూ తిరిగినవే. అది న్యాయమే, చావులు అక్కడ ఉన్నాయి కాబట్టి. కానీ నిరపాయమైన గడ్డ ఎంత అరుదో తెలియకపోవడానికి కారణమూ అదే.

మరి ఎందుకు వస్తుంది? ఈ ప్రశ్నకు మన రైతు కొడుకు దగ్గర ఒక జవాబు ఉంది: "నూనె ఎక్కువ తింటడు సార్." కాదు. తిన్న కొవ్వు వచ్చి బుగ్గలో గడ్డకట్టదు. చాలా లైపోమా కణాల్లో 12వ క్రోమోజోము మీద ఒక ముక్క చోటు మారి, హెచ్‌ఎంజీఏ2 అనే జన్యువు అదుపు తప్పినట్టు కనిపెట్టారు. ఆ ముక్క ఎందుకు చోటు మారిందన్న దగ్గర పాఠ్యపుస్తకాలు దెబ్బ, ఒరిపిడి, హార్మోన్లు, వంశం అంటూ జాబితా చదువుతాయి. బుగ్గ పదేపదే కొరుక్కోవడం వల్ల వచ్చిందనే మాట నాకు గుర్రానికి ముందు బండి కట్టినట్టు అనిపిస్తుంది. గడ్డ ఉన్నందుకే బుగ్గ పళ్ళ మధ్య పడుతుండవచ్చు కదా. ఒంటినిండా డజన్లకొద్దీ గడ్డలు వచ్చే వంశాలు ఉన్నాయి. దశాబ్దాలుగా మద్యం తాగే మగవాళ్ళలో మెడ చుట్టూ, ఎప్పుడైనా నాలుకలో కూడా కొవ్వు దళసరిగా పేరుకునే మాడెలుంగ్ జబ్బు ఉంది. అవి వేరే దారి. బుగ్గలో ఒంటరి గడ్డ ఉన్నవాడికి ఆ భయం అక్కర్లేదు.

ఈ కొవ్వుకు ఒక మొండితనం ఉంది. మనిషి పస్తులుండి చిక్కిపోయినా గడ్డ చిక్కదు. శరీరం తన పొదుపులన్నీ ఖర్చుపెట్టినా ఈ ఖాతా ముట్టుకోదు. సుశ్రుతుడి దగ్గర ఇందుకు ఆసక్తికరమైన పోలిక ఉంది. సుశ్రుత సంహిత నిదానస్థానంలో గ్రంథులను, అంటే గడ్డలను, వర్గీకరిస్తూ మేదస్సు వల్ల పుట్టేదాన్ని విడిగా చెప్పాడు. నునుపు, పెద్ద పరిమాణం, తక్కువ నొప్పి, కోస్తే నెయ్యిలాంటి పదార్థం రావడం, ఇవన్నీ చదువుతుంటే ఎవరికైనా లైపోమా గుర్తొస్తుంది. అయితే శరీరం పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది అని కూడా అన్నాడు. ఇవాళ మనకు తెలిసిన లైపోమా ఆ ఒక్క మాట వినదు. అదే గ్రంథం నోటి జబ్బులను 65గా లెక్కించింది, పెదవి జబ్బులు ఎనిమిదింటిలో మేదస్సు వల్ల వచ్చేది ఒకటి. దాన్ని పట్టుకుని రూ కంటే రెండు వేల ఏళ్ళ ముందే మనవాళ్ళు కనిపెట్టారని సభల్లో చప్పట్లు కొట్టించుకోవచ్చు. నాకు అందులో విలువైనది వేరే కనిపిస్తుంది: గడ్డను వేలితో నొక్కి, రంగు చూసి, కోసి లోపలేముందో చూసి రాసుకున్న అలవాటు.

ఆ వేలు ఎక్కడ మోసపోతుందన్నదే అసలు చిక్కు. కొవ్వు ఎంత మెత్తనంటే లోపల నీరున్నట్టు తోస్తుంది. పెదవిలో అయితే లాలాజలం నిండిన బుడగ అనుకుంటారు, నాలుక కింద అయితే కప్పగొంతులా ఉబ్బే ర్యానులా అనుకుంటారు. నీలంగా మెరిస్తే రక్తనాళాల గడ్డ కావచ్చు, దాన్ని ముందు సూదితో పీల్చి చూడకుండా కత్తి పెట్టినవాడు జన్మలో మరచిపోడు. గట్టిగా ఉంటే పీచుగడ్డ, నరాల గడ్డ. చిన్నపిల్లల దగ్గర ఇంకో మాయ ఉంది. పెన్సిలో టూత్‌బ్రష్షో నోట్లో పెట్టుకుని పరిగెత్తి బోర్లాపడిన బిడ్డకు కొన్ని గంటల్లో బుగ్గలోంచి పసుపు ముద్ద వేలాడుతూ కనిపిస్తుంది. అది కంతి కాదు, బుగ్గలో సహజంగా ఉండే కొవ్వు దిండు చిరుగులోంచి బయటికి జారింది. ఫ్రెంచి శరీరశాస్త్రజ్ఞుడు బిషా పేరుతో పిలిచే ఈ దిండే పసిబిడ్డ బుగ్గలకు ఆ బొద్దుతనం ఇస్తుంది. దీన్ని లైపోమా అనుకుని పట్టి లాగుతూ పోతే వస్తూనే ఉంటుంది.

ఇవన్నీ తప్పులే, మనిషి ప్రాణం తీసే తప్పులు మాత్రం కావు. తీసే తప్పు అంగిలి మీద, జ్ఞానదంతం వెనక ఉంది. అక్కడి చిన్న లాలాజల గ్రంథుల్లో కూడా మెత్తగా, నొప్పి లేకుండా, ఏళ్ళ తరబడి నింపాదిగా పెరిగే గడ్డలు వస్తాయి. వాటిలో సుమారు సగం క్యాన్సర్లు. మ్యూకోఎపిడెర్మాయిడ్ క్యాన్సరు మంచి నీటిబుడగ వేషం వేస్తుంది. కాబట్టి "నొప్పి లేదు, మెత్తగుంది, ఏం కాదు పో" అనే మాట బుగ్గ దగ్గర తొంభై తొమ్మిదిసార్లు చెల్లినా అంగిలి దగ్గర చెల్లదు. జహీరాబాద్‌లో అయినా బీదర్‌లో అయినా నాకు ఎక్కువ భయం కలిగించేది క్యాన్సరని ఏడ్చే ఇల్లు కాదు, ఏం కాదని ధైర్యం చెప్పే చెయ్యి.

స్కానుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. బుగ్గలోని రేగుపండుకు స్కాను దండగ. నాలుక లోతుల్లో, నాలుక కింద, మెడవైపు దిగిన గడ్డకు కావాలి. సిటీ స్కానులో కొవ్వు నీటికంటే తక్కువ సాంద్రతతో, సున్నాకు కిందుగా నల్లగా పడుతుంది. ఎంఆర్‌ఐలో తెల్లగా మెరిసి, కొవ్వును అణిచే పద్ధతి వాడగానే ఆరిపోతుంది. సూదితో కణాలు తీసే పరీక్షకు బుగ్గలో విలువ తక్కువ, వచ్చిన కొవ్వు గడ్డదో బుగ్గ దిండుదో సూది చెప్పలేదు.

తీయాలా, వదిలేయాలా? పుస్తకం రెండూ ఒప్పుకుంటుంది. గుండెకు రక్తం పలచన చేసే మందులు వాడుతున్న డెబ్బై ఏళ్ళ మనిషికి, అడ్డం రాని శనగ్గింజంత పసుపు గడ్డను ఆరునెలలకొకసారి చూస్తూ ఉండటం తప్పేమీ కాదు. కానీ ఆరునెలలకొకసారి అనే మాట వెనక ఒక షరతు దాగి ఉంది: మనిషి మళ్ళీ రావాలి. చెరుకు కొట్టే కాలంలో, లారీ మీద షోలాపూర్ పోయిన నెలలో ఎవరు వస్తారు? పెరిగాక తీయడం కంటే చిన్నగా ఉన్నప్పుడే తీయడం రోగికీ సులువు, డాక్టరుకూ సులువు. చిన్న ఊళ్ళలో తీసేయడం వైపే నా మొగ్గు.

తీయడం చూడముచ్చటైన పని. మత్తుసూది గడ్డలో కాదు, దాని చుట్టూ. పొర మీద సన్నటి గాటు పడగానే పసుపు కనిపిస్తుంది. అక్కడినుంచి కత్తి పక్కన పెట్టి మొద్దు కత్తెరతో, వేలితో పొరను విడదీస్తూ పోతారు. గడ్డ చుట్టూ ఉండే గూడు సరిగ్గా దొరికితే సీతాఫలం తొన నొక్కినప్పుడు గింజ జారినట్టు మొత్తం ఒకేసారి బయటికొస్తుంది. రెండు మూడు కుట్లు, అరగంట. జాగ్రత్త పడాల్సినవి చుట్టుపక్కల ఉన్నాయి: పై దవడ రెండో పెద్ద దంతం ఎదురుగా బుగ్గలో తెరుచుకునే లాలాజల నాళం, కింది పెదవికి స్పర్శనిచ్చే నరం, నాలుక కింద నాలుక నరం. వీటిని తెంపితే గడ్డ పోయి తిమ్మిరి మిగులుతుంది. గూడు ఉన్నది మళ్ళీ రావడం చాలా అరుదు. కండరాల పోగుల్లోకి వేళ్ళు చాచినది మాత్రం, తీసినట్టే తీసినా, తిరిగి రావచ్చు.

గుట్ఖా నమిలే నోట్లో ఇదే పని వేరుగా ఉంటుంది. గుట్ఖా వల్ల లైపోమా రాదు. కానీ బుగ్గ లోపల పీచుకట్టి, తెల్లబారి, నోరు రెండు వేళ్ళ సందు కంటే తెరుచుకోని మనిషిలో ఆ రేగుపండు దగ్గరికి చెయ్యి పోవడమే కష్టం. అలాంటప్పుడు గడ్డ ఒక సాకు అవుతుంది, మంచి సాకు. గడ్డ కోసం నోరు తెరిచిన మనిషి నోట్లో మిగతా అంతా చూడవచ్చు, నాలుక అంచులు, నాలుక కింద, తెల్లమచ్చలు, ఎర్రమచ్చలు. తిరువనంతపురం జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలు వెలుగులో కంటితో నోళ్ళు చూస్తూ పోతే, పొగాకు, మద్యం అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సరు చావులు మూడోవంతు తగ్గాయని 2005లో తేలింది. మన దేశ క్యాన్సరు పరీక్షల కార్యక్రమంలోనూ 30 ఏళ్ళు దాటినవాళ్ళ నోరు అయిదేళ్ళకొకసారి చూడాలని రాసి ఉంది. ఆ టార్చి నిజంగా ప్రతి నోటి మీదా పడితే, తెలంగాణలో కొవ్వు గడ్డలు ఎన్నో మొదటిసారి తెలిసేది అప్పుడే.

మళ్ళీ సీసా దగ్గరికి. ఆ ముక్క పాథాలజిస్టు దగ్గరికి పోయాక ఒక వింత జరుగుతుంది. స్లైడు చేసేందుకు ముక్కను ఆల్కహాలులో, జైలీనులో ముంచుతారు. అవి కొవ్వును కరిగించి తీసుకుపోతాయి. సూక్ష్మదర్శిని కింద మిగిలేది కొవ్వు కాదు, కొవ్వు ఉండిన ఖాళీ గదులు. తెల్లటి గదులు, వాటి గోడల్లా సన్నటి గీతలు, ఒక మూలకు నొక్కుకుపోయిన కేంద్రకాలు. తేనెపట్టులో తేనె పిండేశాక మిగిలిన మైనంలా ఉంటుంది. ఆ ఖాళీలను చదివే పాథాలజిస్టు అవి ఒకే కొలతలో ఉన్నాయా అని చూస్తాడు. మధ్యలో పీచు ఎక్కువైతే ఫైబ్రోలైపోమా, ఇది సీసాలో మునగవచ్చు కూడా. రక్తనాళాలుంటే యాంజియోలైపోమా. కదురు ఆకారపు కణాలుంటే స్పిండిల్ సెల్ లైపోమా, దీన్ని 1975లో ఎన్జింజర్, హార్వీ వర్ణించారు. లాలాజల గ్రంథి ముక్కలు చిక్కుకుంటే సయాలోలైపోమా, ఇది 2001లో వచ్చిన పేరు. ఈ పేర్లన్నిటివల్లా రోగి బతుకులో మారేది సున్నా. పాథాలజిస్టులకు పేర్లంటే ఇష్టం, అంతే.

మారేది ఒక్కచోట. గదుల కొలతలు ఎగుడుదిగుడుగా ఉండి, గోడల్లో పెద్దపెద్ద నల్లటి కేంద్రకాలు కనిపిస్తే లైపోసార్కోమా అనుమానం వస్తుంది. నోట్లో అది అరుదాతి అరుదు, వస్తే నాలుకలో ఎక్కువ. తేల్చుకోవడానికి ఎండీఎం2 అనే జన్యువు పరీక్ష ఉంది. ఈ రకం కూడా కొవ్వే కాబట్టి బయటికి పసుపుగా, మెత్తగా ఉంటుంది. సీసాలో ఇదీ తేలుతుంది.

చిన్న ఊళ్ళో చాలా ముక్కలు సీసా దాకా పోవు. పసుపుగా ఉంది, మెత్తగా ఉంది, మొత్తం వచ్చేసింది, ఇంకెందుకని బయో వ్యర్థాల సంచిలో పడేస్తారు. పరీక్షకు డబ్బులు పెట్టుకోలేనని రోగే అనవచ్చు. ఫార్మలిన్ లేక స్పిరిట్లో వేస్తారు, ముక్క గట్టిపడి ముడుచుకుంటుంది. సెలైన్లో వేస్తే ఎండాకాలపు బస్సులో హైదరాబాద్ చేరేసరికి కుళ్ళు మొదలవుతుంది. ముక్కకు పదింతల ఫార్మలిన్ ఉండాలి. ఫార్మలిన్ అంటే బజార్లో దొరికే చిక్కటి ద్రావణం ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్ళు. ఇరుకు సీసాలో కుక్కితే పైన ఉడికినట్టై లోపల పచ్చిగా ఉండిపోతుంది. మూతి వెడల్పు సీసా కావాలి, ముక్క గట్టిపడ్డాక ఇరుకు మూతిలోంచి బయటికి రాదు. మందుసీసాలు కడిగి వాడే దవాఖానల్లో ఈ చివరి పాఠం ఒకసారి నేర్చుకున్నవాళ్ళు మళ్ళీ మరచిపోరు.

మన రైతుకు కుట్లు పడ్డాయి. బుగ్గలో దూది కొరికిపట్టి, తడబడే నాలుకతో సీసా చూపించమన్నాడు. వెలుగుకెత్తి చూశాడు, కుదిపాడు, మళ్ళీ చూశాడు.

"నూనె లెక్క తేలుతుంది గద సార్. చర్బీ అని మీరే అంటిరి. మళ్ల గీ పరీక్ష దేనికి?"

"తేలితే చర్బీ అని చెప్తది పెద్దాయనా. ఏ చర్బీనో చెప్పది."

సీసా మూత బిగిసింది. పెన్ను రాత ఫార్మలిన్ తగిలితే చెరిగిపోతుంది కాబట్టి డాక్టరు పెన్సిలు తీశాడు. చీటీ మీద రాసింది ఇంతే: ఎడమ బుగ్గ. మూడేళ్ళు. పసుపు, మెత్తన. తేలింది.